పాతబస్తీ గల్లీల్లో మూడు రోజులు: ఎక్కడ నడవాలి, ఏ వేళకు ఏమి తినాలి?

తూర్పుతీరం

సభ్యులందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం వాళ్లం. వచ్చే నెలలో మా అమ్మగారితో కలిసి హైదరాబాదు వస్తున్నాను. గురువారం ఉదయం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాంపల్లిలో దిగి, శనివారం సాయంత్రం తిరుగు రైలు ఎక్కుతాము. నా చిన్నతనంలో ఒక యాత్రా బస్సులో వచ్చినప్పుడు చార్మినారు దగ్గర మమ్మల్ని ఇరవై నిమిషాలు దింపి, మళ్లీ ఎక్కించుకుని గోల్కొండకు తీసుకువెళ్లారు. ఆ ఇరవై నిమిషాల్లో అమ్మ, గాజుల అంగళ్లకు పేరున్న లాడ్‌బజారు మొదట్లో నిలబడి, లోపలికి ఒక్క అడుగు వేసే వీలు లేక వెనక్కి వచ్చేసింది. ఆ సంగతి ఇప్పటికీ చెబుతూ ఉంటుంది. అందుకే ఈసారి బస్సులు, యాత్రా సంస్థలు ఏవీ వద్దనుకుని, ఆ వీధుల్లో తీరికగా నడవడానికే వస్తున్నాము.

అమ్మ వయసు 66. మోకాళ్ల నొప్పి ఉన్నందున మధ్యమధ్య కూర్చుంటూ రెండు కిలోమీటర్ల వరకు నడవగలదు. గుడ్డు కూడా ముట్టని శాకాహారి. నాకు తిండి విషయంలో పట్టింపులు లేవు. ఇద్దరికీ కలిపి రోజుకు ఆరు వందల రూపాయలకు మించకుండా తినాలని అనుకుంటున్నాము. బస నాంపల్లి స్టేషను దగ్గరే. అక్కడ పుట్టి పెరిగినవారు, రోజూ ఆ దారుల్లో తిరిగేవారు సలహా ఇస్తే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

శాలిబండ నివాసి

తూర్పుతీరం గారూ, మీ అమ్మగారు లాడ్‌బజారు మొదట్లోనే ఆగిపోయారని చదివి చాలా బాధ కలిగింది. నేను నలభై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తాను.

మొదట మీరు గుర్తుంచుకోవలసినది వేళ. పాతబస్తీలో ఒకే వీధి పొద్దున ఏడింటికి ఒకలాగా, పదకొండింటికి ఇంకొకలాగా, రాత్రి ఎనిమిదింటికి మరొకలాగా ఉంటుంది. పొద్దున పూట దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి, వాహనాలు తక్కువగా ఉంటాయి, కమాన్ల, అంటే తోరణ ద్వారాల, మీద చెక్కడాలు కంటికి కనిపిస్తాయి, తినుబండారాల బండ్లు మాత్రం జోరుగా నడుస్తుంటాయి. పదకొండు దాటితే అంగళ్లన్నీ తెరుచుకుని, అప్పటిదాకా కనిపించిన గోడలన్నీ సరుకు వెనక దాగిపోతాయి. కట్టడాలూ తిండీ పొద్దున చూసుకోండి, కొనుగోళ్లు సాయంత్రానికి పెట్టుకోండి, నడిమధ్యాహ్నం ఏదైనా నీడలో కూర్చోండి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఈ పద్ధతి తప్పనిసరి.

దారి విషయానికి వస్తే, చాలామంది ఆటోలో నేరుగా చార్మినారు కింద దిగుతారు. నా అభిప్రాయంలో అది సగం ఊరిని వదులుకోవడమే. ఉత్తరాన నయాపూల్ దగ్గర దిగి, మూసీని దాటి, మదీనా చౌరస్తా మీదుగా దక్షిణానికి నడవండి. మదీనా దాటగానే రెండు పక్కలా రాతి తోరణాలతో వరుసగా కనిపించే దుకాణాలే పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద ఊరిని తుడిచిపెట్టిన తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘం ఈ వీధిని నల్లరాతితో కట్టించింది. తోరణాల కింద నడవా ఉంటుంది కాబట్టి ఎండ తగలదు. అయితే దుకాణాలు తెరిచాక ఆ నడవాలో సరుకు పరుస్తారు, కనుక అక్కడికి కూడా పొద్దున్నే వెళ్లడం మంచిది.

అది దాటగానే మచ్లీ కమాన్ వస్తుంది. ఇక్కడి నుంచి తొందరపడవద్దు. చార్‌కమాన్ అనే పేరు అందరూ వింటారు గాని, నాలుగు కమాన్లనూ ఆగి చూసేవారు తక్కువ. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర సహర్-ఎ-బాతిల్ కమాన్. నాలుగింటి నడుమ గుల్జార్ హౌజ్ నీటి తొట్టి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారు కట్టించి ఊరికి పునాది వేసిన మరుసటి ఏడే ఈ కమాన్లు వెలిశాయి. ఆ తొట్టి దగ్గర నిలబడి నాలుగు వైపులా చూస్తే, ఈ ఊరిని ఎంత కొలతగా గీసి కట్టారో ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది.

మెట్రో ప్రయాణికురాలు

శాలిబండ నివాసి గారు చెప్పిన దారికి నాంపల్లి నుంచి వెళ్లడం సులభం. నాంపల్లి మెట్రో స్టేషనులో ఎల్బీనగర్ వైపు వెళ్లే రైలు ఎక్కితే గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ తరువాత మూడో స్టేషను ఎంజీబీఎస్, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషను. అక్కడ దిగితే నయాపూల్ దగ్గరలోనే ఉంటుంది. స్టేషన్లలో లిఫ్టులు ఉన్నందున అమ్మగారు మెట్లు ఎక్కవలసిన పని లేదు. ఎంజీబీఎస్ నుంచి చార్మినారు సుమారు రెండు కిలోమీటర్లు. అది అమ్మగారి శక్తికి సరిగ్గా అంచు కాబట్టి, మదీనా దాకా ఆటోలో వెళ్లి అక్కడి నుంచి నడక మొదలుపెట్టండి. ఆటో ఎక్కే ముందే ఛార్జీ మాట్లాడుకోవాలి.

సిటీ బస్సులు కూడా ఉన్నాయి. అఫ్జల్‌గంజ్ వైపు, చార్మినారు వైపు వెళ్లే బస్సులు కోఠి నుంచి తరచుగా దొరుకుతాయి. మహిళలకు ఉచితం కనుక అమ్మగారికి టికెట్టు అవసరం ఉండదు.

కోఠి గ్రంథాలయం

చిన్న సవరణ. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం తెలంగాణలో నివసించే మహిళలకు వర్తిస్తుంది, కండక్టరుకు చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. తూర్పుతీరం గారి అమ్మగారి ఆధారు కార్డు విశాఖపట్నం చిరునామాతో ఉంటుంది కాబట్టి టికెట్టు తీసుకోవలసిందే. బస్సులో మాటామాటా అనుకోవలసి రాకుండా ఉండాలని చెబుతున్నాను.

రుచుల సంచి

తిండి గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. చార్మినారు పక్కన నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు. గుల్జార్ హౌజ్ దగ్గర పొద్దున గోవింద్ బండి మీద వెన్న దోశ. పురానీ హవేలీ దగ్గర 1851 నుంచి నడుస్తున్న మున్షీ నాన్. మొజంజాహీ మార్కెట్టులో ఫేమస్ అనే దుకాణంలో ఐస్‌క్రీమ్. ఆ పక్కనే హమీదీ మిఠాయి దుకాణంలో జౌజీ హల్వా. తెల్లవారుజామున నహారీ, రాత్రికి బిర్యానీ. ఇవన్నీ రెండు రోజుల్లో పూర్తి చేయవచ్చు. నేను ఒక్క రోజులోనే ఐదు చోట్ల తిన్నాను.

శాలిబండ నివాసి

రుచుల సంచి గారూ, మీరు చెప్పిన చోట్లన్నీ మంచివే, వాటిలో ఒక్కదాన్ని కూడా కాదనను. కాని ఇలా జాబితా పట్టుకుని ఒక చోటు నుంచి ఇంకొక చోటికి ఆటోలో పరుగెత్తితే ఆ రెండింటి నడుమ ఉన్న గల్లీ పోతుంది. పైగా 66 ఏళ్ల శాకాహారి ఒక్క పూటలో దోశ, నాన్, హల్వా, ఐస్‌క్రీము తినగలరా? నేను చెప్పేది ఒక్కటే: పూటకు ఒక వీధి, ఆ వీధిలో ఆ వేళకు వండే ఒక వంటకం. కడుపుకూ కాళ్లకూ అదే హాయి.

ఉదాహరణకు గుల్జార్ హౌజ్ నుంచి తూర్పుకు కాలీ కమాన్ కింద నుంచి నడిస్తే ఎతెబార్ చౌక్, ఆపైన మీర్ ఆలం మండి, అక్కడి నుంచి పురానీ హవేలీ వస్తాయి. మీర్ ఆలం నిజాముల కాలంలో దివానుగా ఉన్నవారు, ఆయన పేరిట ఏర్పడిన ఆ మండి నేటికీ కూరగాయల అంగడే. చుట్టుపక్కల ఇళ్లవారు సంచులు పట్టుకుని వచ్చి బేరమాడుతుంటారు. చింతచిగురు, గోంగూర, పుదీనా కుప్పల నడుమ అమ్మగారికి ఎంతసేపు గడిచిందో తెలియదు. అక్కడి నుంచి కొద్ది దూరంలో మున్షీ నాన్. భట్టీలో నుంచి తీసిన చార్‌కోనీ నాన్, అంటే నాలుగు మూలలున్న నాన్, చేతికి వేడిగా అందుతుంది. ఇరుగుపొరుగు పిల్లలు ఇంటికి పట్టుకుపోవడానికి కాగితం చేతబట్టుకుని నిలబడి ఉంటారు. ఈ దారిలో నడిచి వచ్చి ఆ నాన్ తింటే ఒక రుచి, ఆటోలో వచ్చి అందుకుంటే మరొక రుచి అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఘాన్సీబజార్ కోడలు

తూర్పుతీరం గారూ, మేము కూడా శాకాహారులమే, పెళ్లై వచ్చినప్పటి నుంచి చార్‌కమాన్ దగ్గరే ఉంటున్నాను. పాతబస్తీ అనగానే మాంసాహారమే అని అనుకుంటారు. గుల్జార్ హౌజ్ చుట్టూ, ఘాన్సీబజారులో, బేగంబజారులో తరతరాలుగా మార్వాడీ, గుజరాతీ, అగర్వాల్ కుటుంబాలు ఉన్నందున శుద్ధ శాకాహారపు బండ్లు, మిఠాయి దుకాణాలు చాలా ఉన్నాయి. అమ్మగారికి ఎక్కడా ఇబ్బంది ఉండదు.

గోవింద్ బండి పొద్దున మాత్రమే ఉంటుంది. మధ్యాహ్నం వెళ్లి నిరాశపడిన మా బంధువులు ఎందరో ఉన్నారు. సెలవు రోజుల్లో కిటకిటలాడుతుంది, పని రోజుల్లో ఎనిమిదిలోపు వెళితే నిలబడి తినే చోటు దొరుకుతుంది. వెన్న బాగా వేస్తారు, తక్కువ కావాలంటే పెనం మీద పిండి పోయకముందే చెప్పాలి. ఒక దోశ ఇద్దరూ పంచుకుని, మిగతా ఆకలిని ముందుకు దాచుకోండి. కాస్త పొద్దెక్కాక మిఠాయి దుకాణాల ముందు కచోరీ, జిలేబీ వేస్తారు. పాలు మరిగే పెద్ద మూకుడు ముందున్న దుకాణం కనిపిస్తే ఆగి ఒక గ్లాసు తాగండి.

ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం. బేకరీ బిస్కెట్లు, కేకులు, పఫ్‌లు కొనేటప్పుడు గుడ్డు వేశారా అని ప్రతిచోటా అడగండి. "అండా హై క్యా?" అంటే చాలు, దాపరికం లేకుండా చెబుతారు. ఇరానీ చాయ్ విషయంలో ఆ అనుమానం అక్కర్లేదు. డికాషనును మూత బిగించిన పాత్రలో దమ్ మీద ఉంచి, పాలను వేరుగా చిక్కబడేదాకా కాచి, కప్పులోనే రెండూ కలుపుతారు. చక్కెర ఎక్కువగానే ఉంటుంది, కనుక అమ్మగారికి మధుమేహం ఉంటే ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోయించుకోండి.

తూర్పుతీరం

అందరికీ కృతజ్ఞతలు. చక్కెర సమస్య లేదు, రక్తపోటు మాత్రమే ఉంది. మూడు సందేహాలు ఉన్నాయి. మాకు ఉర్దూ రాదు, హిందీ కొద్దిగా వచ్చు. దానివల్ల ఇబ్బంది అవుతుందా? రెండోది, మూడు రోజుల్లో ఒకటి శుక్రవారం, ఆ రోజు ఏమి మానుకోవాలి? చివరిది అడగడానికి కాస్త మొహమాటంగా ఉంది గాని తప్పదు: గల్లీల్లో తిరిగేటప్పుడు అమ్మకు మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుంది?

మెట్రో ప్రయాణికురాలు

మొహమాటపడవలసిన ప్రశ్న కాదది, ఆడవాళ్లందరం ఊరు తిరగడానికి బయలుదేరే ముందు మొదట ఆలోచించేది దాని గురించే. చాలామంది పెద్దవాళ్లు దీనికి భయపడి నీళ్లు తాగడం మానేస్తారు, ఎండలో అది ఇంకా ప్రమాదం. గల్లీల్లో నమ్మదగిన చోట్లు తక్కువ. అందువల్ల నేను నడకను ఎప్పుడూ టికెట్టు ఉన్న చోట్ల చుట్టూ అల్లుకుంటాను. ఎంజీబీఎస్ మెట్రో స్టేషను ఒకటి, సాలార్‌జంగ్ మ్యూజియం ఒకటి, చౌమహల్లా ప్యాలెస్ ఒకటి. ఈ మూడింటి నడుమ ఏ చోటికైనా గంటన్నరలోపు చేరుకునేలా చూసుకుంటే అమ్మగారు నిశ్చింతగా నీళ్లు తాగగలరు. పైగా చౌమహల్లా తోటలో కూర్చోవడానికి నీడ ఉంటుంది. శాలిబండ నివాసి గారు చెప్పిన నడిమధ్యాహ్నపు విశ్రాంతికి అంతకంటే మంచి చోటు నాకు తోచడం లేదు.

అయితే సాలార్‌జంగ్, చౌమహల్లా, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం ఈ మూడూ శుక్రవారం మూసివేస్తారు. కాబట్టి గురువారం, శనివారం పాతబస్తీలో గడిపి, శుక్రవారం మూసీకి ఇవతల తిరగడం మంచిది.

శాలిబండ నివాసి

శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజుకు వేలమంది వస్తారు, ఆ సమయంలో చార్మినారు చుట్టూ నడవడం అమ్మగారికి కష్టం. మెట్రో ప్రయాణికురాలు గారి మాట సరైనది.

భాష గురించి ఏమాత్రం దిగులు వద్దు. ఇక్కడ మాట్లాడే దక్కనీ ఉర్దూలో తెలుగు, మరాఠీ, కన్నడ మాటలు ఎన్నో కలిసిపోయాయి. ఎందరో వ్యాపారులు తెలుగులో బేరం చేయగలరు. మీ హిందీ వచ్చినంత మాట్లాడండి. దుకాణదారును "భాయ్" అనండి, పెద్దవారైతే "చాచా" అనండి. ఎవరైనా "నక్కో" అంటే వద్దని, "హౌ" అంటే అవునని అర్థం. దారి అడిగేటప్పుడు కట్టడాల పేర్లతో కాకుండా కమాన్ల పేర్లతో, చౌరస్తాల పేర్లతో అడిగితే త్వరగా చెబుతారు.

వీధుల పేర్లను కూడా ఊరికే దాటిపోకండి, చాలాచోట్ల పేరే దారి చూపుతుంది. పత్తర్‌గట్టి రాతి కట్టడం, మండి అంటే సరుకు దిగే చోటు, చూడీబజారు గాజుల అంగడి, ఫీల్‌ఖానా ఒకప్పుడు ఏనుగులను కట్టిన చోటు, ముర్గీ చౌక్ కోళ్లూ పక్షులూ అమ్మిన చోటు. ఛత్తాబజారులోకి వెళితే వరుసగా అచ్చు యంత్రాల చప్పుడు వినిపిస్తుంది, పెళ్లి శుభలేఖలు అక్కడే అచ్చవుతాయి. ఉర్దూ అక్షరాలను చేత్తో అందంగా రాసే ఖుష్‌నవీసులు కూడా ఒకప్పుడు అక్కడ ఎక్కువగా ఉండేవారు, ఇప్పుడు కంప్యూటరు అక్షరాలు వచ్చాక బాగా తగ్గిపోయారు. ఆ పని చేస్తున్నవారు ఎవరైనా కనిపిస్తే, అమ్మగారి పేరు ఒక చీటీ మీద రాయించుకుని, అడిగిన డబ్బు ఇచ్చి, దాన్ని దాచుకోండి.

కోఠి గ్రంథాలయం

శుక్రవారానికి నా దగ్గర ఒక దారి ఉంది. పొద్దున కోఠి సుల్తాన్‌బజారుకు రండి. 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అక్కడే ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కోసం పుట్టిన తొలి గ్రంథాలయం అది. హైదరాబాదు చూడటానికి వచ్చే తెలుగువారిలో నూటికి తొంభైమంది దాని ముందు నుంచే పోతూ కూడా గుర్తించరు, అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. చుట్టుపక్కల సందుల్లో చీరలు, పూసలు, పూజాసామగ్రి, పాత పాఠ్యపుస్తకాలు అమ్ముతారు. అమ్మగారికి అక్కడ తెలుగే సరిపోతుంది.

సాయంత్రం అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే 1891లో ఆసఫియా పేరుతో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మూసీ ఒడ్డున కనిపిస్తుంది. దగ్గరలోనే ఉస్మానియా ఆసుపత్రి. దాని ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 వరదలో దాని కొమ్మలు పట్టుకుని సుమారు నూట యాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారు. పత్తర్‌గట్టి గురించి శాలిబండ నివాసి గారు చెప్పినదంతా ఆ చెట్టు కింద నిలబడి తలుచుకుంటే మనసుకు పడుతుంది. కాని అది ఆసుపత్రి, రోగుల బంధువులు కన్నీళ్లతో కూర్చునే చోటు. కెమెరా తీయకుండా ఒక నిమిషం నిలబడి వచ్చేయండి.

మీరు శనివారమే వెళ్లిపోతున్నారు కాబట్టి ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరిచే పాత పుస్తకాలు ఈసారికి దక్కవు. మరో యాత్రలో ఆ ఒక్క రోజునూ తప్పక కలుపుకోండి.

రుచుల సంచి

శాలిబండ నివాసి గారి మాట ఆలోచిస్తే నాకు సబబుగానే అనిపించింది. నా జాబితాను మీ దారికి తగినట్టు మార్చి రాస్తున్నాను. శుక్రవారం సాయంత్రం కోఠి, అఫ్జల్‌గంజ్ తిరిగాక నాంపల్లికి వచ్చే దారిలోనే మొజంజాహీ మార్కెట్టు ఉంటుంది. ఏడో నిజాం కుమారుడు మొజంజా పేరిట 1935లో కట్టిన నల్లరాతి భవనం అది, 2020లో బాగుచేశారు. లోపలి ఆవరణలో బయటే కూర్చుని తినడానికి వీలుంది. ఆ ఋతువులో దొరికే పండుతో చేసిన ఐస్‌క్రీము అడగండి, సీతాఫలం కాలమైతే మీ అదృష్టం. అమ్మగారికి జౌజీ హల్వా కొద్దిగా ఇప్పించండి. మొలకెత్తిన గోధుమలతో, పాలతో, నెయ్యితో గంటల తరబడి కలియబెట్టి చేస్తారు. చాలా గాఢంగా ఉంటుంది కనుక యాభై గ్రాములు చాలు.

మీ కోసమైతే, అమ్మగారు ఇంకా నిద్రలో ఉండగానే ఒక రోజు నహారీకి వెళ్లండి. నహార్ అంటే అరబ్బీలో పగలు. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన మేక కాళ్లు, నాలుక మసాలా పులుసులో వస్తాయి, కుల్చాతో తింటారు. ఎనిమిది దాటితే గిన్నె అడుగు మిగులుతుంది. నహారీ ఇష్టం లేకపోతే పొద్దునే దొరికే ఖిచ్డీ, ఖీమా, ఖట్టా తినండి. నువ్వులు, చింతపండు కలిపి చేసే ఆ పుల్లని ఖట్టా లేకుండా ఖిచ్డీ తినకూడదు.

ఆరోగ్యమే ముఖ్యం

నేను వృత్తిరీత్యా నర్సును. బండ్ల తిండి తినవద్దని చెప్పను, నేనూ తింటాను. కాని దుకాణం పేరు కంటే నాలుగు విషయాలను చూసి నిర్ణయించుకోండి. మన కళ్లముందు పెనం మీదో నూనెలోనో వేడిగా దిగేది తినాలి. ముందే చేసి పేర్చినది, ఎంత పేరున్న చోటైనా, వదిలేయాలి. నూనె నల్లగా చిక్కగా ఉంటే ముందుకు నడవాలి. కోసి పెట్టిన పండ్లు, ఐసు వేసిన రసాలు, బక్కెట్టులో ముంచి ఇచ్చే గ్లాసులు ఇవన్నీ కొత్త ఊరివారికి ప్రమాదం. చట్నీలో పచ్చి నీళ్లు కలుస్తాయి కనుక అది కొద్దిగా వేయించుకోండి. అమ్మగారికి రక్తపోటు ఉందన్నారు కాబట్టి మిర్చి బజ్జీ, ఉప్పు చల్లిన పప్పులు తగ్గించి, మాత్రలు చేతిసంచిలోనే పెట్టుకోండి.

బేగంబజార్ దుకాణం

శుక్రవారంలో ఒక రెండు గంటలు మా వైపు కూడా ఇవ్వండి. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిన స్థలంలో ఏర్పడిన బజారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇక్కడ టోకు వ్యాపారమే ఎక్కువ. ఎండుమిర్చి, పసుపు, యాలకులు, ఎండుద్రాక్ష, బాదం, ఇత్తడి పాత్రలు ఒక్కొక్క గల్లీలో ఒక్కొక్కటి. అర కిలో, పావు కిలో కూడా ఇచ్చే దుకాణాలు ఉన్నాయి, ముందే అడగండి. హమాలీలు తలమీద బరువుతో వస్తూ "బాజూ, బాజూ" అని అరుస్తారు. అది విన్న వెంటనే గోడవైపు జరగాలి, ఎందుకంటే ఆ బరువుతో వాళ్లు ఆగలేరు. ఈ ఒక్కటి అమ్మగారికి ముందే చెప్పి తీసుకురండి. తోపుడు బండ్లు ఎక్కువగా తిరిగే మధ్యాహ్నం కంటే పదకొండు గంటల ప్రాంతం మంచిది.

ఘాన్సీబజార్ కోడలు

ఫొటోల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా గల్లీల్లో ఇంటి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లను, పిల్లలను అడగకుండా ఫొటోలు తీసుకుని పోయేవారు ఎక్కువయ్యారు. ఇది మా ఇల్లు, ప్రదర్శనశాల కాదు. ఫోను ఎత్తే ముందు ఒకసారి కళ్లతోనే అడగండి, వద్దంటే దించేయండి. గాజులు చేసేవారిని అడిగితే సంతోషంగా ఒప్పుకుంటారు, పని కూడా చూపిస్తారు. లక్కను నిప్పుల సెగ మీద మెత్తబరచి, సాగదీసి, లోహపు కడియం మీద చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతారు. ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మగారి చేతి కొలత ఇచ్చి, నచ్చిన రంగు చెప్పి చేయించుకుంటే అంగట్లో వేలాడదీసిన వాటికంటే నాణ్యంగా ఉంటాయి. ఆ దుకాణాలు సాయంత్రమే కళకళలాడతాయి.

తూర్పుతీరం

మిత్రులారా, మేము నిన్ననే తిరిగి ఇంటికి చేరుకున్నాము. సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ జరిగినది చెప్పవలసిన బాధ్యత నాది.

గురువారం ఏడున్నరకు మదీనా దగ్గర ఆటో దిగాము. పత్తర్‌గట్టి తోరణాల కింద మేమిద్దరమే నడుస్తున్నట్టుగా ఉంది. ఊడ్చేవారు, పాల డబ్బాలవారు తప్ప ఎవరూ లేరు. గుల్జార్ హౌజ్ దగ్గర ఒక దోశను ఇద్దరం పంచుకున్నాము. అమ్మ వెన్న తగ్గించమని తానే తెలుగులో చెప్పింది, ఆయన తెలుగులోనే సరేనన్నారు. మధ్యాహ్నం చౌమహల్లా తోటలో గంటన్నర కూర్చున్నాము, మరుగుదొడ్డి దిగులు లేకుండా అమ్మ సీసాడు నీళ్లు తాగింది. సాయంత్రం లాడ్‌బజారు మొదటి నుంచి చివరి దాకా, మహబూబ్ చౌక్ గడియారం గోపురం కనిపించేదాకా నడిచింది. రెండు చోట్ల దుకాణంవాళ్లు స్టూలు వేసి కూర్చోబెట్టారు, కొనమని బలవంతం చేయలేదు. ఆకుపచ్చ రాళ్ల గాజులు చేయిస్తామని, శనివారం వచ్చి తీసుకోమని చెప్పారు.

శుక్రవారం కోఠిలో భాషానిలయం బోర్డు చూసి అమ్మ చెప్పులు విడిచి గడపకు దండం పెట్టింది. నాకు మాట రాలేదు. బేగంబజారులో "బాజూ" అన్న మాట వినగానే నన్ను కూడా గోడవైపు లాగింది ఆమే. శనివారం పొద్దున మీర్ ఆలం మండిలో చింతచిగురు కొని, ఇంత దూరం ఎలా మోసుకుపోతామని నేను అంటున్నా వినకుండా తడిగుడ్డలో చుట్టుకుంది. నాన్ వేడిగా, లోపల మెత్తగా, అంచులు కరకరలాడుతూ ఉంది. నహారీకి మాత్రం ఆలస్యంగా వెళ్లాను, రుచుల సంచి గారు చెప్పినట్టే గిన్నె అడుగు మిగిలింది.

ఒక్క చోట చేదు అనుభవం ఎదురైంది. ఒక పెద్ద హోటలులో ధర అడగకుండా కూర్చున్నందుకు, మేము అడగని పళ్లేలు రెండు బిల్లులో చేర్చారు. చీటీలో ఒక్కొక్క పేరూ చదివి చూపించాక తీసేశారు. బండ్ల దగ్గర అలాంటిది ఒక్కసారి కూడా జరగలేదు. ఆ ఒక్క పూట తప్ప తక్కిన అన్ని పూటలూ ఆరు వందల లెక్కలోనే ఉన్నాము.

శాలిబండ నివాసి

చదువుతూ ఉంటే నేనే మీ వెంట నడిచినట్టు ఉంది. గాజులు శనివారం అందాయా?

తూర్పుతీరం

అందాయి. కొలత కొంచెం బిగువుగా వచ్చిందని ఆయనే గమనించి, మళ్లీ సెగ చూపి సరిచేసి ఇచ్చారు, దానికి వేరే డబ్బు తీసుకోలేదు. ఇది రాస్తున్నప్పుడు వంటింట్లో చింతచిగురు పప్పు తాలింపు వేస్తోంది, గాజుల చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.